డబ్బు కట్టాక, కారు వచ్చేలోపు

బయటి దేశం నుంచి కొత్త కారు తెప్పించుకుంటున్నాం అని ఎవరైనా అంటే చుట్టూ ఉన్నవాళ్లు మోడల్ ఏంటి, రంగు ఏంటి, ఎంత పడింది అని అడుగుతారు. నేను మాత్రం ఒకటే అడుగుతాను: ఇవాళ్టికి మీ డబ్బు ఎవరి ఖాతాలో ఉంది, ఆ కారు ఎవరి పేరున ఉంది? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. అగ్రిమెంట్ చూపించమంటే రెండు పేజీల బుకింగ్ ఫారం, ఒక రసీదు బయటికొస్తాయి, మిగతాదంతా సేల్స్ అబ్బాయితో నడిచిన వాట్సాప్ చాట్‌లో ఉంటుంది.

షోరూమ్‌లో కళ్ల ముందున్న కారు కొనేటప్పుడు డబ్బు ఇవ్వడానికి, తాళం చేతికి రావడానికి మధ్య పెద్ద ఖాళీ ఉండదు. దిగుమతి కారు విషయంలో ఆ ఖాళీ నెలల తరబడి సాగుతుంది. ఫ్యాక్టరీ, రేవు, ఓడ, మళ్లీ రేవు, కస్టమ్స్, రిజిస్ట్రేషన్, వీటిలో ఏ మెట్టు దగ్గరైనా ఏదైనా జరగొచ్చు, జరిగితే ఆ నష్టం ఎవరు మోస్తారో ముందే రాసిపెట్టుకోవడానికే ఒప్పందం. ఉచితంగా ఇచ్చే ఫ్లోర్ మ్యాట్ల గురించి గంటసేపు బేరమాడి దీని గురించి ఒక్క ప్రశ్న కూడా వేయనివాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యమే.

ముందు ఎదురుగా ఉన్నది ఎవరో తేల్చుకోవాలి. దిగుమతి కారు అమ్మేవాళ్లు బయటికి అందరూ ఒకేలా కనిపిస్తారు, బోర్డు ఒకేలా మెరుస్తుంది, కానీ చట్టం దృష్టిలో వాళ్లు ఒకటి కాదు. కంపెనీ నియమించిన అధికారిక డీలర్ ఒకరు. కంపెనీతో సంబంధం లేకుండా సొంతంగా వేరే దేశంలో కొని తెచ్చి తన పేరున అమ్మే స్వతంత్ర దిగుమతిదారు ఇంకొకరు. మూడో రకం ఏజెంట్: ఈయన అసలు అమ్మడు, మీ తరఫున కొని పెడతాడు, కమిషన్ తీసుకుంటాడు. యూరప్‌లో ఈ మూడో పద్ధతి ఎప్పటినుంచో నడుస్తోంది, ఒక దేశంలో అదే కారు ధర తక్కువ ఉంటే పక్క దేశంవాళ్లు ఏజెంట్ ద్వారా అక్కడి డీలర్ దగ్గర కొనుక్కుంటారు. తప్పేమీ లేదు. కాకపోతే ఆ పద్ధతిలో మీ అసలు ఒప్పందం మీరెప్పుడూ చూడని ఆ పరాయి దేశపు డీలర్‌తోనే, కారులో లోపం వస్తే ఏజెంట్ "నేను మధ్యవర్తిని మాత్రమే" అని తప్పుకోవచ్చు, పైగా దిగుమతి కాగితాల మీద దిగుమతిదారుగా ఉండేది మీ పేరే కావచ్చు. అందుకే మొదటి పేజీలో "అమ్మకందారు" అన్న చోట ఏ పేరుంది, ఇన్‌వాయిస్ ఎవరి పేరున వస్తుంది, డబ్బు వెళ్లే బ్యాంకు ఖాతా ఎవరిది, ఈ మూడూ ఒకటేనా అని చూడాలి. మూడూ ఒకటి కాకపోతే, ఎందుకు కాదో రాతపూర్వకంగా వివరణ వచ్చేదాకా ఒక్క పైసా కదపకూడదు.

తర్వాత కారును కారుగా గుర్తించే సంగతి. మోడల్ పేరు, ఇంజిన్, "పెర్ల్ వైట్" అని రాసుకుంటే అది ఏ కారైనా కావచ్చు. ఇంగ్లీషు న్యాయ సంప్రదాయం నుంచి వచ్చిన వస్తువిక్రయ చట్టాల్లో ఒక పాత సూత్రం ఉంది: ఏ వస్తువో తేలనంత వరకు దాని యాజమాన్యం కొనేవాడికి బదిలీ కాదు. అంటే అమ్మకందారు యార్డులో అలాంటివే ఇరవై తెల్ల కార్లున్నా, మీరు పూర్తి డబ్బు కట్టేసినా, వాటిలో ఫలానాది మీదని తేలకపోతే ఏదీ మీది కాదు. రేపు అతను దివాలా తీస్తే ఆ ఇరవై కార్లూ అతని ఆస్తిలో కలుస్తాయి, మీరు మిగతా అప్పులవాళ్లతో పాటు వరుసలో నిలబడాలి, అదీ బ్యాంకుల వెనకాల. ఇతర న్యాయవ్యవస్థల్లో వివరాలు వేరుగా ఉంటాయి, కొన్ని చోట్ల కారు అప్పగిస్తే గానీ యాజమాన్యం మారదు, కానీ ఎక్కడైనా ఛాసిస్ నంబర్ లేని ఒప్పందం బలహీనమైనదే.

ఆ నంబర్ పదిహేడు అక్షరాలది, ఐ, ఓ, క్యూ అనే మూడు అక్షరాలు అందులో వాడరు, ఒకటి, సున్నా అంకెలతో కలిసిపోతాయని. కనిపిస్తే ఎవరో తప్పుగా ఎక్కించారన్నమాట. ఫ్యాక్టరీకి ఆర్డర్ పెట్టిన కారుకు సంతకం రోజున ఆ నంబర్ ఉండదు, నిజమే. అలాంటప్పుడు "కారు తయారైన వారంలోగా ఛాసిస్ నంబర్ రాతపూర్వకంగా తెలియజేయాలి, ఆ నంబర్ ఈ ఒప్పందంలో భాగమవుతుంది, రెండో వాయిదా దాని తర్వాతే" అని ఒక వాక్యం పెట్టించుకోవచ్చు. నిజంగా కారు తెచ్చేవాళ్లకు ఇది పెద్ద కోరికేమీ కాదు. ఈ వాక్యం దగ్గరే గొంతు మారిందంటే మాత్రం నాకు అనుమానం మొదలవుతుంది, ఒకే కారును ముగ్గురికి చూపించి అడ్వాన్సులు వసూలు చేసే వ్యాపారానికి ఛాసిస్ నంబర్ అంటే అస్సలు పడదు.

"కొత్త" అన్న మాటను కూడా వదిలేయకూడదు. మీటర్ మీద పదిహేను కిలోమీటర్లే ఉన్నా ఆ కారు వేరే దేశంలో ఏడాది కిందటే డీలర్ పేరున రిజిస్టర్ అయి ఉండొచ్చు, అమ్మకాల టార్గెట్ కోసం డీలర్లు అలా తమ పేరున ఎక్కించుకోవడం మామూలే. అప్పుడు మీరు కాగితాల ప్రకారం రెండో యజమాని, వారంటీ గడియారం ఎప్పుడో మొదలైపోయింది. మీటర్ మీదున్న అంకె, రిజిస్ట్రేషన్ చరిత్ర, తయారీ తేదీ, మోడల్ సంవత్సరం నాలుగూ నాలుగు వేరు సంగతులు. యూరోపియన్ యూనియన్‌లో ఇంకో తమాషా ఉంది: అక్కడి వ్యాట్ నిబంధనల ప్రకారం రోడ్డెక్కి ఆరు నెలలు దాటని కారు, లేదా 6,000 కిలోమీటర్లు మించి తిరగని కారు "కొత్త" కిందే లెక్క, కాబట్టి పక్క దేశంలో కొన్నా పన్ను మాత్రం మీ దేశంలో కట్టాల్సిందే, ఆ సంగతి చెప్పకుండా "అన్నీ కలిపి ఇంత" అన్న ధర చూసి మురిసిపోయేవాళ్లు ఉంటారు. కాబట్టి ఒప్పందంలో ఇలా ఉండాలి: ఇంతకుముందు ఏ దేశంలోనూ రిజిస్టర్ కాలేదు, ఫలానా నెల తర్వాత తయారైంది, అప్పగించే నాటికి మీటర్ ఇన్ని కిలోమీటర్లు దాటదు, ప్రమాదం గానీ రీ-పెయింట్ గానీ జరగలేదు. తయారీ తేదీ మీద అనుమానముంటే టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలు చూడండి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. కారు కంటే టైరు కొన్ని నెలలు పాతదవడం సహజం, రెండేళ్లు పాతదైతే అడగాల్సిందే.

ఇక డబ్బు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని ఊరికే అనలేదు, మొత్తం ముందే కట్టినవాడి ఫోన్ ఎత్తడానికి ఎవరికీ తొందర ఉండదు. వీలైనంత తక్కువ అడ్వాన్సు, మిగతాది కారు ప్రయాణంలో ఏదో ఒక ఘట్టానికి ముడిపడిన వాయిదాలు, ఆఖరి పెద్ద ముక్క కారు చూసుకుని, కాగితాలు అందుకున్నాక. అడ్వాన్సు పెద్దదైతే దానికి బ్యాంకు గ్యారంటీ అడగొచ్చు, లేదా ఎస్క్రో ఖాతా, అంటే షరతులు తీరేదాకా మూడో మనిషి దగ్గర డబ్బు ఆగే ఏర్పాటు. బాగా ఖరీదైన కారైతే బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే చెప్పిన పత్రాలు అందితే అమ్మకందారుకు డబ్బు ఇస్తానని మీ తరఫున బ్యాంకు ఇచ్చే హామీ కూడా ఒక దారి, కాకపోతే అక్కడ ఒక మెలిక ఉంది: బ్యాంకు చూసేది కాగితాలను మాత్రమే, కారును కాదు. ఓడ ఎక్కించిన పత్రం, ఇన్‌వాయిస్, బీమా కాగితం సరిగ్గా ఉంటే బ్యాంకు డబ్బు ఇచ్చేస్తుంది, ఓడలో ఉన్నది ఏ కారో దానికి అనవసరం. అందుకే కావాల్సిన పత్రాల జాబితాలో ఓడ ఎక్కే ముందు స్వతంత్ర తనిఖీ సంస్థ ఇచ్చే రిపోర్టును, అందులో ఛాసిస్ నంబర్‌ను కలిపించాలి.

అడ్వాన్సు గురించి ఇంకొకటి. "నాన్-రిఫండబుల్" అన్న ముద్ర చాలా ఫారాల్లో అచ్చయి ఉంటుంది. మీరు మనసు మార్చుకుంటే పోతుందంటే ఒప్పుకోవచ్చు, వాళ్లు కారు తేలేకపోయినా పోతుందంటే అది అడ్వాన్సు కాదు, దక్షిణ. ఆ తేడా పెన్నుతో రాయించి రెండు పక్షాలూ పక్కన పొట్టి సంతకం పెట్టాలి.

తేదీ దగ్గరికొస్తే "సుమారు", "అంచనాగా", "కంపెనీ కేటాయింపును బట్టి" లాంటి పదాలు దిగుతాయి. వాటిని పూర్తిగా తీయించలేం, సముద్ర రవాణా అలాంటిది. 2018 ఫిబ్రవరిలో జపాన్ నుంచి వచ్చిన కార్ల ఓడలను న్యూజిలాండ్ అధికారులు వెనక్కి పంపేశారు, కారణం ఏంటంటే వాటిలో పంటల్ని నాశనం చేసే ఒక రకం కంపు నల్లులు దొరికాయి. దీన్ని ఏ డీలర్ మాత్రం ఊహిస్తాడు? అందుకే ఖచ్చితమైన తేదీ కోసం పోట్లాడకుండా ఆఖరి తేదీ కోసం పోట్లాడమంటాను. "ఫలానా తేదీకల్లా కారు అప్పగించలేకపోతే, కారణం ఏదైనా, కొనుగోలుదారు ఈ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు, కట్టిన మొత్తం 14 రోజుల్లో ఎలాంటి కోతా లేకుండా తిరిగివ్వాలి." ఇందులో ప్రాణమంతా "కారణం ఏదైనా" అన్న మాటలో ఉంది. అది లేకపోతే వెనక పేజీలోని ఫోర్స్ మజూర్ నిబంధన, అంటే మా చేతిలో లేని కారణాలకు మాది బాధ్యత కాదనే నిబంధన, దీన్ని మింగేస్తుంది. యుద్ధం, సమ్మె, వరద, "ఉత్పత్తిదారు వద్ద జాప్యం" అని ఒక జాబితా ఉంటుంది, ఆ చివరిది చాలా తెలివైన దొంగ. జాప్యానికి వాళ్లను శిక్షించకూడదంటే సరే, నష్టపరిహారం వద్దు, కానీ నా డబ్బు నాకు వెనక్కి రావడం శిక్ష కాదు కదా.

ధర గురించి రెండు సంగతులే. కరెన్సీ మారితే ధర మారుతుందా, సుంకం మారితే ఎవరు కట్టాలి. 2025 ఏప్రిల్ 3 నుంచి అమెరికా దిగుమతి కార్ల మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది, అప్పటికే బుక్ చేసుకుని కారు కోసం ఎదురుచూస్తున్నవాళ్లలో ఎవరి ఒప్పందంలో ఏం రాసుందన్నది ఉన్నట్టుండి పెద్ద విషయమైపోయింది. "పన్నుల్లో మార్పులు కొనుగోలుదారువే" అని ఫారాల్లో అచ్చు వేయించుకుంటారు. తీసేయమంటే తీయకపోవచ్చు, దానికొక పరిమితి పెట్టించండి, ధర ఇంత శాతం కంటే పెరిగితే నేను అడ్వాన్సుతో సహా బయటికి పోవచ్చు అని.

ఓడ ప్రయాణం దగ్గర కాసేపు ఆగాలి, అందరూ ఎగరగొట్టేసేది దీన్నే. 2022 ఫిబ్రవరిలో ఫెలిసిటీ ఏస్ అనే ఓడ సుమారు 4,000 కార్లతో జర్మనీ నుంచి అమెరికా వెళ్తూ అట్లాంటిక్‌లో అజోర్స్ దీవుల దగ్గర తగలబడింది, మార్చి 1న మునిగిపోయింది. పోర్షేలు, ఆడీలు, బెంట్లీలు, లంబోర్గినీలు, అన్నీ సముద్రం అడుగున. అధికారిక డీలర్ దగ్గర బుక్ చేసుకున్నవాళ్లకు ఆ కార్లు ఇంకా తమవి కావు, కంపెనీ మళ్లీ తయారుచేసి ఇస్తానంటుంది, టైం పోతుంది గానీ డబ్బు పోదు. అదే మీరు సొంతంగా తెప్పించుకుంటూ, ఒప్పందంలో ఎఫ్‌ఓబీ (కారును ఓడ ఎక్కించడంతో అమ్మకందారు బాధ్యత తీరిపోయే పద్ధతి) అనో సీఐఎఫ్ అనో ఉంటే కథ వేరు.

ఈ మూడక్షరాల సంకేతాలను అంతర్జాతీయ వాణిజ్య మండలి తయారుచేస్తుంది, ఇప్పుడు నడుస్తున్నది 2020 కూర్పు. సీఐఎఫ్ అంటే సరుకు ధరలోనే బీమా, మీ రేవు దాకా ఓడ కిరాయి కలిసి ఉంటాయి, వాటిని అమ్మకందారే కడతాడు. వినడానికి మన రేవు దాకా బాధ్యత వాళ్లదే అన్నట్టుంటుంది. కాదు. ఖర్చు మీ రేవు దాకా వాళ్లది, నష్టభయం మాత్రం వాళ్ల రేవులో కారు ఓడ ఎక్కిన క్షణం నుంచి మీది. పైగా సీఐఎఫ్ కింద అమ్మకందారు తీసుకోవాల్సిన బీమా కనీస స్థాయిది, సరుకు బీమాలో సి క్లాజులంటారు, ఓడ మునగడం, అగ్నిప్రమాదం లాంటివి వస్తాయి గానీ దొంగతనం, దింపేటప్పుడు పడే సొట్టలు, గీతలు రావు. కొత్త కారుకు జరిగేవి ఎక్కువగా ఆ సొట్టలే మరి! దాదాపు అన్ని రకాల నష్టాలూ వచ్చే ఎ క్లాజుల బీమా కావాలని, అదీ మీ పేరున క్లెయిమ్ చేసుకునేలా ఉండాలని రాయించుకోవాలి. ఇంకొక విచిత్రం, ఓడను కాపాడటానికి కావాలని కొంత సరుకు పారేసినా, అసాధారణ ఖర్చు పెట్టినా ఆ నష్టాన్ని ఓడలోని సరుకు యజమానులందరూ పంచుకోవాలన్నది సముద్ర వాణిజ్యంలో ప్రాచీన నియమం. మీ కారుకు గీత కూడా పడకపోయినా మీ వాటా కడతానని హామీ ఇచ్చేదాకా కారు వదలరు. బీమా ఉంటే ఆ హామీ బీమా కంపెనీ ఇస్తుంది, లేకపోతే మీ జేబే.

మామూలు కొనుగోలుదారుకు నా సలహా సూటిగా: డీడీపీ, అంటే సుంకాలతో సహా మీ చోటికి తెచ్చి అప్పగించే పద్ధతి అడగండి. ధర కాస్త ఎక్కువే చెబుతారు. తేడా ఎంతో చూసి నిర్ణయించుకోండి, చాలాసార్లు అది మీరు విడిగా కట్టే బీమా, క్లియరింగ్ ఏజెంట్ ఫీజు, రేవులో రోజువారీ నిల్వ అద్దె, టెన్షన్ అన్నీ కలిపితే వచ్చేదానికి దగ్గర్లోనే ఉంటుంది. అంతర్జాతీయ కొనుగోలు కదా, ఐక్యరాజ్య సమితి 1980 వియన్నా ఒప్పందం ఏదో కాపాడుతుందని కొందరు అనుకుంటారు. సొంత వాడకానికి కొన్న వస్తువులకు సాధారణంగా అది వర్తించదు, అందులోనే ఆ మినహాయింపు ఉంది.

స్పెసిఫికేషన్ విషయం. ఒకే పేరున్న కారు ఒక్కో దేశానికి ఒక్కోలా తయారవుతుంది. హెడ్‌లైటు కాంతి ఏ పక్కకు వంగాలన్నది రోడ్డుకు ఏ వైపు నడుపుతారన్నదాన్ని బట్టి మారుతుంది. జపాన్ ఎఫ్‌ఎం బ్యాండ్ 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, చాలా దేశాల్లో 87.5 నుంచి 108, అక్కడి కారులో ఇక్కడి స్టేషన్లు సగం పలకవు. రేడియో సంగతి పోనీ, ఎలక్ట్రిక్ కారైతే ఛార్జింగ్ పోర్టే వేరు: యూరప్‌లో సీసీఎస్2, చైనాలో జీబీ/టీ, జపాన్‌లో చాడెమో. కారును ఇంటర్నెట్‌కు కలిపే సిమ్ ఆ దేశానికే పరిమితమైతే ఫోన్ యాప్ పనిచేయదు, మ్యాపులు రావు, ఇంటర్నెట్ ద్వారా వచ్చే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు కూడా ఆగిపోవచ్చు. వీటన్నిటి కంటే ముందు, ఆ కారు మీ దేశంలో రిజిస్టర్ అవుతుందా? యూరప్ కారుకు కన్ఫర్మిటీ సర్టిఫికెట్, అంటే అక్కడి ప్రమాణాలకు సరిపోతుందని తయారీదారు ఇచ్చే పత్రం ఉంటుంది, అమెరికా తన భద్రతా ప్రమాణాల ముద్ర లేని కారును, 25 ఏళ్లు దాటితే తప్ప, మామూలుగా రోడ్డు మీదికి రానివ్వదు. కాబట్టి "ఈ కారు కొనుగోలుదారు దేశంలో ఎలాంటి మార్పులూ అవసరం లేకుండా రిజిస్టర్ అవుతుంది, కాకపోతే అమ్మకందారు తన ఖర్చుతో సరిచేయాలి లేదా వెనక్కి తీసుకోవాలి" అన్న హామీ లేకుండా సంతకం పెట్టకూడదు. దీని మీద మాత్రం నేను బేరానికి రాను.

బ్రోషర్ అడుగున "స్పెసిఫికేషన్లు మార్చే హక్కు కంపెనీకి ఉంది" అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. 2021లో చిప్పుల కొరత వచ్చినప్పుడు బీఎండబ్ల్యూ కొన్ని కార్లను టచ్‌స్క్రీన్ లేకుండా పంపింది, జనరల్ మోటార్స్ కొన్నిటిలో వేడి సీట్లు తీసేసింది. మీకు ముఖ్యమైన ఫీచర్లు ఐదో ఆరో ఉంటాయి, వాటిని పేరు పేరునా అనుబంధంలో రాసి, వాటిలో ఏది లేకపోయినా తిరస్కరించే హక్కు నాదే అనండి.

వారంటీ. ఇక్కడ కంపెనీ ఇచ్చే వారంటీ వేరు, అమ్మినవాడికి చట్టం పెట్టే బాధ్యత వేరు. యూరోపియన్ యూనియన్‌లో వ్యాపారి దగ్గర కొన్న వినియోగదారుకు కొత్త వస్తువు మీద కనీసం రెండేళ్ల చట్టబద్ధ హామీ ఉంటుంది, అది అమ్మకందారు మీద, కంపెనీ వారంటీతో సంబంధం లేదు. కంపెనీ వారంటీ మాత్రం చాలాసార్లు ప్రాంతానికి కట్టుబడి ఉంటుంది. "ఇంటర్నేషనల్ వారంటీ సార్" అన్న నోటిమాటకు విలువ లేదు. వారంటీ పుస్తకంలో భూభాగం అన్న పేజీ ఫోటో తీసి పంపమనండి, ఛాసిస్ నంబర్ ఇచ్చి మీ దేశంలోని కంపెనీ కార్యాలయానికి మెయిల్ పెట్టి, ఈ కారుకు ఇక్కడ వారంటీ సర్వీసు చేస్తారా, గడియారం ఏ రోజు మొదలైంది అని అడగండి. వచ్చిన జవాబును ఒప్పందానికి జతచేయండి. స్వతంత్ర దిగుమతిదారు తన సొంత వారంటీ ఇస్తానంటే, దాని వెనక బీమా కంపెనీ ఉందా లేక ఆయన షట్టర్ ఒక్కటే ఉందా అని చూడాలి.

గొడవొస్తే ఏ దేశపు కోర్టు, ఏ చట్టం అన్న నిబంధన చివరి పేజీలో ఉంటుంది. అమ్మకందారు దేశంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు మధ్యవర్తి తీర్పు) అని ఉంటే, మీకు హక్కులన్నీ ఉన్నా వాటిని వాడుకోవడానికయ్యే ఖర్చు కారు ధరలో పెద్ద ముక్క కావచ్చు. మార్చడానికి ఒప్పుకోకపోతే, ఆఖరి వాయిదాను వీలైనంత పెద్దది చేయడమే దీనికి విరుగుడు, ఎందుకంటే అప్పుడు కోర్టుకెక్కాల్సిన అవసరం వాళ్లది.

అప్పగింత రోజున పువ్వులు, ఫోటోలు, స్వీటు ప్యాకెట్ మధ్యలో ఒక కాగితం ముందుకు తోస్తారు: "కారును పూర్తిగా తనిఖీ చేసి సంతృప్తితో స్వీకరించాను." ముందు పగటి వెలుతురులో కారు చుట్టూ తిరగండి, పెయింట్ మందం కొలిచే పరికరం దొరికితే తెచ్చుకోండి, రేవులో నెలలు నిలిచిన కారుకు బ్యాటరీ నీరసపడుతుంది, బ్రేక్ డిస్కుల మీద తుప్పు పొర వస్తుంది, టైర్లు ఒకవైపు చదునెక్కుతాయి, అవన్నీ అడగండి. ఛాసిస్ నంబర్‌ను ముందు అద్దం దగ్గర, తలుపు చట్రం మీద, కాగితాల్లో మూడు చోట్లా పోల్చండి. కస్టమ్స్ క్లియరెన్స్ పత్రం, సుంకం కట్టిన రసీదు, ఇన్‌వాయిస్, కన్ఫర్మిటీ సర్టిఫికెట్ లాంటివి, రెండో తాళం, అన్నీ చేతిలో పడ్డాకే ఆఖరి వాయిదా. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు కంటికి కనబడిన ప్రతి లోపాన్నీ అక్కడే రాసి, కింద "బయటికి కనిపించే స్థితి మేరకే, యాంత్రిక తనిఖీకి లోబడి" అని చేర్చి, తేదీతో పాటు టైం కూడా వేసి, వాళ్ల సంతకం కూడా పెట్టించుకుని ఒక కాపీ తీసుకోండి.